రాజ్యము చేతులు మారిన మరునాడు

(పాఠ్యభాగము: దానియేలు 5:30 నుండి 6:28 వరకు)

ఈ నెల పాఠమును చదువుటకు ముందు చదువరులు బైబిలు తెరచి పై భాగమును ఒకసారి నెమ్మదిగా చదువుకొనవలెనని కోరుచున్నాము. సింహముల గుహ కథ మన సండేస్కూలు పిల్లలందరికి కంఠస్థమే. దానికి ముందున్న సంగతిని మాత్రము మనము తొందరగా దాటిపోవుచున్నాము. ఒక రాత్రి బెల్షస్సరు చంపబడెను. రాజ్యము మాదీయుడగు దర్యావేషు చేతికి వచ్చెను. ఇంతే వ్రాయబడియున్నది. మరునాడు ఉదయమున కచేరీకి వచ్చి కూర్చుండవలసిన వారి మాట ఏమి? లెక్కలు వ్రాయువారు, ధాన్యపు కొట్లు కాయువారు, పన్నులు వసూలు చేయువారు ఏ మనస్సుతో ఇంటినుండి బయలుదేరిరి? వారిలో ఒక వృద్ధుడుండెను. అతడు క్రీ.పూ. 605 ప్రాంతమున బాలుడుగా చెరపట్టబడి వచ్చి, క్రీ.పూ. 539లో బబులోను పడిపోవువరకు అక్కడనే పనిచేసినవాడు.

ఈ సంగతి ఇప్పుడేల అని కొందరు అడుగవచ్చును. మన పల్లెల పిల్లలు నేడు హైదరాబాదు, బెంగుళూరు, పూనా పట్టణములలో కంప్యూటరు కంపెనీలలో పనిచేయుచున్నారు. ఒకప్పుడు సంఘములో ఒక ఉపాధ్యాయుడు, ఒక నర్సు ఉండిన గొప్పయే. నేడు మా చిన్న సంఘములలో సైతము సాఫ్టువేరు జీతముపై నిలిచిన ఇండ్లు గలవు. బ్యాంకు అప్పు, చెల్లెలి పెండ్లి, తండ్రి మోకాలి ఆపరేషను, దేవాలయపు స్లాబునకు ఇచ్చెదమన్న మ్రొక్కుబడి, ఇవన్నియు ఆ ఒక్క జీతమును ఆనుకొనియున్నవి. అట్టి కంపెనీ మరియొక కంపెనీలో విలీనమైనదని వార్త వచ్చినప్పుడు తల్లిదండ్రులు పాస్టరు ఇంటికి వచ్చి, "అయ్యగారూ, కంపెనీ అమ్మేశారంట. మావాణ్ణి ఉంచుతారా, తీసేస్తారా?" అని అడుగుచున్నారు. ప్రార్థన చేసి పంపివేయుట సులభము. అయితే ఆ ప్రశ్నకు వాక్యమునుండియు, లోకవ్యవహారమునుండియు కొంత ఉత్తరము చెప్పవలసిన బాధ్యత మనకున్నది.

మొదట విలీనమనగా నేమో తెలిసికొందము. రెండు కంపెనీలు ఒకటగునప్పుడు ఒకదాని ఆస్తులు, అప్పులు, ఒప్పందములు, పనివారు అందరును రెండవదానికి చేరుదురు. మొదటిదాని పేరు రిజిస్టరునుండి కొట్టివేయబడును. దాని వాటాదారులకు రెండవదాని వాటాలు ఇత్తురు. పూర్వము మన దేశములో ఇట్టి ఏర్పాటును హైకోర్టులు ఆమోదించుచుండెను. 2016 చివరినుండి కంపెనీ లా ట్రిబ్యునలు ఆమోదించుచున్నది. అట్టి పత్రములలో, పనివారి సర్వీసుకు తెగుదల ఉండదనియు, పూర్వపు షరతులకంటె తక్కువ షరతులు పెట్టబోమనియు సాధారణముగా వ్రాయుదురు. ఇది మంచిదే. అయినను ఆ మాట విలీనము జరిగిన దినమునకు వర్తించును గాని, ఆరు నెలల తరువాత ఒకే పనికి ఇద్దరు మనుష్యులున్నారని యాజమాన్యము లెక్కవేసినప్పుడు ఆ కాగితము అడ్డునిలువదు. ఈ రెండు సంగతులను తల్లిదండ్రులకు దాచక చెప్పవలెను.

మన తెలుగువారికి బాగుగా తెలిసిన దృష్టాంతము సత్యం కంప్యూటర్సు. 1987లో హైదరాబాదులో స్థాపింపబడిన ఆ కంపెనీలో 2008 నాటికి సుమారు 50,000 మంది పనిచేయుచున్నారని చెప్పుకొనిరి. మన జిల్లాలలో ఆ కంపెనీలో ఉద్యోగమనిన సర్కారు ఉద్యోగముతో సమానముగా ఎంచుచుండిరి. 2008లోనే కంపెనీని చక్కగా నడిపించుచున్నందుకు దానికి ఒక అంతర్జాతీయ బహుమానము కూడ వచ్చెను. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు రామలింగరాజుగారు తన చేతివ్రాలుతో ఒక లేఖ పంపి, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలు 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకొనిరి. ముందు దినమున 179 రూపాయలకు దగ్గరగా నుండిన వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు పడిపోయెను. సత్యమను పేరు పెట్టుకొనిన ఇంటిలో ఇట్లు జరుగుట చూచి నవ్వినవారు కలరు. మాకు నవ్వు రాలేదు. ఆ ఇంటివారు 2005లో ఆరంభించిన 108 అంబులెన్సు బండియే మా పల్లెలలో అనేకుల ప్రాణము కాపాడినది. 2009లో ఆ సేవ వేరొకరి చేతికి పోయినను, బండి ఆగలేదు.

దానియేలు అయిదవ అధ్యాయములో గోడమీద వ్రాసిన మాటలలో ఒకటి తూకమును గూర్చినది. రాజు త్రాసులో తూచబడి తక్కువగా కనబడెను (5:27). మరియొకటి రాజ్యము విభజింపబడి వేరొకరికి ఇయ్యబడుటను గూర్చినది (5:28). తూకము తక్కువైనది గనుకనే యజమాని మారెను. సత్యం విషయములోను ఇదే క్రమము. ప్రభుత్వము పాత డైరెక్టర్లను తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్ గార్లను మొదటగా నియమించెను. తరువాత మరి ముగ్గురిని చేర్చెను. 2009 ఏప్రిల్ 13న జరిగిన పాటలో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయలు చెప్పి గెలిచెను. లార్సెన్ అండ్ టూబ్రో చెప్పినది 45 రూపాయల 90 పైసలు. ఆ సంవత్సరమే పేరు మహీంద్రా సత్యం ఆయెను. 2013 జూనులో ఆ పేరు కూడ పోయి అంతయు టెక్ మహీంద్రాలో కలిసిపోయెను. పాత కంపెనీ వాటాలు 17 ఉన్నవానికి క్రొత్త కంపెనీ వాటాలు 2 ఇచ్చిరి. విచిత్రమేమనగా, 2013లో ముగిసిన ఆ విలీనము 2011 ఏప్రిల్ 1 నుండియే జరిగినట్లు ఎంచవలెనని పత్రములలో వ్రాసికొనిరి. లోకపు చట్టము ఇట్లు వెనుకకు కూడ నడవగలదు. రాజుగారిని, మరి తొమ్మండుగురిని 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము దోషులని తీర్చి ఏడేండ్ల శిక్ష విధించెను. మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్షను నిలిపియుంచెను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. త్రాసులో తూగక పోయినది రాజు గాని, రాజు కచేరీలో పనిచేసినవారందరు కారు. ఆ దినములలో ఆ కంపెనీ పిల్లలకు కుదిరిన సంబంధములు చెడిపోయినవనియు, ఇల్లు అద్దెకిచ్చుటకు వెనుకాడిరనియు వింటిమి. రాత్రులు మేలుకొని అమెరికావారి పని ముగించి పంపిన పిల్లవానికిని, లేని బ్యాంకు రశీదులు సృష్టించిన వానికిని భేదము తెలియని లోకమది. ఆ రాత్రి విందులో పాత్రలు తెప్పించినవాడు బెల్షస్సరు. ఆ విందుకు దానియేలును పిలువనైనలేదు.

పిలువకపోవుటను గమనించుడి. నెబుకద్నెజరు కాలములో జ్ఞానులందరిమీద అధికారిగానుండిన మనుష్యుని, ఈ క్రొత్త రాజు ఎరుగనే ఎరుగడు. రాణి వచ్చి, నీ రాజ్యములో ఇట్టివాడొకడు ఉన్నాడని జ్ఞాపకము చేయవలసివచ్చెను (5:11-12). విలీనమైన కంపెనీలో పదునైదేండ్లు పనిచేసినవాని స్థితి ఇదియే. అతడు ఏ రాత్రి ఏ పనిని ఒంటరిగా గట్టెక్కించెనో ఎరిగిన మేనేజరు వెళ్లిపోయినాడు. క్రొత్త మేనేజరు వేరొక పట్టణములో కూర్చుండి, ఒక పట్టికలో ఇతని పేరు, జీతము మాత్రము చూచుచున్నాడు. యోసేపును ఎరుగని ఫరోను గూర్చి నిర్గమకాండము మొదటి అధ్యాయము ఎనిమిదవ వచనములో చదువుచున్నాము. ఎరుగనివాడు శత్రువు కానక్కరలేదు. అయినను ఎరుగకపోవుటవలన కలుగు నొప్పి తక్కువైనది కాదు.

ఆ మరుగున పడిన కాలములో దానియేలు ఏమి చేయుచుండెను? ఇందుకు ఉత్తరము అయిదవ అధ్యాయములో లేదు. ఎనిమిదవ అధ్యాయము కడపటి వచనములో ఉన్నది. బెల్షస్సరు ఏలుబడి మూడవ సంవత్సరమున ఒక దర్శనము చూచి దానియేలు మూర్ఛిల్లి, కొన్ని దినములు వ్యాధిగ్రస్తుడై, తరువాత లేచి రాజు పని చేయుచు వచ్చెను (8:1, 27). రాజు తన్నెరుగడు. ఈ రాజ్యము నిలువదని తనకు చూపబడినది. అయినను లేచి రాజు పని చేసెను. ఈ వచనమును మేము చాలకాలము దర్శనముల అర్థము వెదకుచు దాటిపోతిమి గాని, ఉద్యోగస్థునికి ఇందులో ఎంత ఆదరణ కలదో! అతడు మొదట జబ్బుపడెను. దేవుని మనుష్యుడు కలవరపడి పడకపట్టెనని వాక్యము సిగ్గుపడక చెప్పుచున్నది. కనుక విలీనపు వార్త విని నిద్రపట్టక, అన్నము సహింపక, ఫోనులో తల్లితో పొడిపొడిగా మాటలాడు పిల్లవానికి విశ్వాసము లేదని మనము తీర్పు తీర్చకూడదు. కొన్ని దినములు గడువనిచ్చి, లేచుటకు చేయి అందింపవలెను.

పని ఎట్లు చేయవలెనన్నది అపొస్తలుడు కొలొస్సయులకు 3:22-23లో చెప్పెను: మనుష్యుల కంటికి కనబడుటకు కాదు, ప్రభువు నిమిత్తము. విలీన కాలమున కంటికి కనబడు పని విస్తారముగా పెరుగును. మీటింగులలో ఎక్కువగా మాటలాడుట, రాత్రి పదకొండు గంటలకు ఈమెయిలు పంపి మేలుకొనియున్నట్లు చూపుట, ఇతరుని పనిని తన పనిగా చెప్పుకొనుట ఇట్టివే. తెలిసిన విద్యను దాచిపెట్టి, నేను లేనిదే ఈ పని జరుగదని అనిపించుకొనుట వీటిలో చెడ్డది. ఇది పల్లెలో నీళ్ల తూము తాళపుచెవి జేబులో వేసికొని తిరుగువాని పద్ధతి. దానియేలును పట్టుకొనవలెనని చూచినవారికి రాజ్యకార్యములలో లోపమేదియు దొరకలేదు (6:4). ఆ పరిశోధన చేసినవారు శత్రువులు. నేటి ఆడిటర్లకంటె వారు గట్టిగా వెదకియుందురు.

ఇక పేర్ల సంగతి. బబులోనువారు దానియేలుకు బెల్తెషాజరని తమ దేవత పేరు పెట్టిరి (4:8). అతడు ఆ పేరుతో పిలిచినప్పుడు పలికెను. పేరుకొరకు పోరాటము చేయలేదు. పోరాడినది భోజనము విషయములోను, ప్రార్థన విషయములోను. నాలుగు సంవత్సరములలో మూడు గుర్తింపు కార్డులు మెడలో వేసికొనిన పిల్లలను ఎరుగుదుము. కార్డు మారినది, ఈమెయిలు చిరునామా మారినది, సీనియరు అను మాట హోదాలోనుండి పోయినది. హోదా తగ్గినందుకు కొందరు నెలల తరబడి ఏడ్చిరి. బాధ సహజమే గాని, దేనికొరకు ఎదురునిలువవలెనో దేనిని పోనియ్యవలెనో తెలియుటకు మొదటి అధ్యాయమును, ఆరవ అధ్యాయమును ప్రక్క ప్రక్కన పెట్టి చదువవలెను. బెల్షస్సరు ఆ కడపటి రాత్రి దానియేలుకు ఊదారంగు వస్త్రము తొడిగించి రాజ్యములో మూడవ అధికారిగా చాటించెను (5:29). తెల్లవారునప్పటికి ఆ రాజ్యమే లేదు. విలీనమునకు ముందు వారములో ఇచ్చిన ప్రమోషనులు కొన్ని ఇట్టివి.

రెండు సమూహములు ఒకటగుటలో కనబడని కష్టము వేరొకటి కలదు. మాదీయుల రాజు 120 మంది అధిపతులను, వారిమీద ముగ్గురు ప్రధానులను నియమించెను. ఆ ముగ్గురిలో ఓడిపోయిన పక్షమువాడు ఒకడు, చెరపట్టబడిన యూదుడు కూడ. అందరు కలిసి అతనిమీద కుట్ర చేయుటలో ఆశ్చర్యమేమున్నది? వారు రాజునొద్ద అతని పదవి చెప్పక, యూదాలోనుండి తేబడిన చెరవాడని పేర్కొనిరి (6:13). అరువదియారేండ్లు పనిచేసిన తరువాత కూడ అతడు 'ఆ పక్షమువాడే'. విలీనమైన కంపెనీలలో 'మనవాళ్లు, వాళ్లవాళ్లు' అను మాట ఎంతకాలము వినబడునో పిల్లలను అడిగి తెలిసికొనుడి.

ఈ విషయములో సంఘము కంపెనీలకు పాఠము చెప్పుటకు ముందు తన కథను జ్ఞాపకము చేసికొనవలెను. దక్షిణ ఇండియా సంఘము కూడ ఒక విలీనమే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రలులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు వారు ఏకమైరి. ఆ ఐక్యతకొరకు పాటుపడిన దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు దానిని చూడక 1945లోనే నిద్రించిరి. అంత ప్రార్థనతో జరిగినదైనను, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములు అనేకము వెలుపలనే నిలిచి 1975లో గాని చేరలేదు. ఒకే ప్రభువును, ఒకే బల్లను కలిగినవారికి ఇరువదియెనిమిదేండ్లు పట్టెను. నేటికిని మా ప్రాంతమున వృద్ధులు ఫలానా వంశము మిషను వారు, ఫలానా వంశము చర్చి వారు అని చెప్పుట వినుచున్నాము. ఎఫెసీయులకు 2:14లో మధ్యగోడను పడగొట్టినవాడు క్రీస్తే. గోడ పడిన తరువాత రాళ్లు ఏరి నేల చదును చేయు పని మనకు మిగిలియున్నది. క్రొత్త కంపెనీలో ఎదుటి పక్షమువానికి పాత లెక్కల మర్మములు ఓపికగా నేర్పి, అతనితో కలిసి భోజనమునకు కూర్చుండు మన పిల్లవాడు ఆ పనిలో ఒక రాయి తీయుచున్నాడు.

ఉద్యోగము పోవువారి మాట చెప్పక విడిచిన ఈ పాఠము పొల్లుగింజ యగును. 2009లో మహీంద్రా సత్యం వేలమందికి పని చూపలేక, ఆరు నెలలపాటు మూలవేతనముతో వేరు జాబితాలో నుంచెను. పని లేక జాబితాలో నుండుటను పిల్లలు 'బెంచి మీద ఉండుట' అందురు. మన దేవాలయపు బెంచి కాదిది. దీనిమీద కూర్చున్నవానికి ఆమెన్ ఎప్పుడో తెలియదు. ఇంకను కఠినమైన పద్ధతులు గల చోట్లు కలవు. మా ప్రాంతపు అమ్మాయి ఒకతె, వేరొక కంపెనీ విలీనమైన తరువాత, ఒక మధ్యాహ్నము చిన్న గదిలోనికి పిలువబడి, గంటలో రాజీనామా వ్రాసి యిమ్మని అడుగబడెను. వ్రాయనియెడల సర్టిఫికెట్టులో మంచి మాట రాదనిరి. ఆ పిల్ల చేయి వణకుచుండగా, "ఒక్క రోజు టైము ఇవ్వండి సార్, మా నాన్నతో మాట్లాడి చెప్తాను" అనెను. ఆ ఒక్క దినమును గూర్చి వాక్యములో దృష్టాంతము కలదు. జ్ఞానులందరిని చంపుడని ఆజ్ఞ పుట్టినప్పుడు దానియేలు బుద్ధిగా మాటలాడి, రాజునొద్దకు పోయి గడువు అడిగెను (2:14-16). గడువు అడుగుట అవిధేయత కాదు. ఆ పిల్ల ఆ రాత్రి తండ్రితోను, లేబరు చట్టములు తెలిసిన సంఘపు పెద్దతోను మాటలాడి, మరునాడు పోయి, నోటీసు కాలపు జీతము, ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, సర్వీసు సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల వైద్య బీమా ఎప్పటివరకు ఉండునను సంగతి, అన్నియు కాగితముమీద వ్రాసి యిచ్చిన తరువాతనే సంతకము చేసెను. ఉద్యోగము నిలువలేదు. రావలసిన సొమ్ము వచ్చెను. విలీనమునకు ముందున్న సంవత్సరములను కూడ గ్రాట్యుటీకి లెక్కింపవలెనని అడుగుట మరువకుడని ఆమె మా యౌవనస్థుల కూటములో చెప్పెను.

ఉద్యోగము పోయినవానికి తరువాతి నెలలో వచ్చు శోధన ఇంకొకటి. హైదరాబాదులో డబ్బు తీసికొని, చేయని ఉద్యోగమునకు అనుభవపు సర్టిఫికెట్టు పుట్టించి యిచ్చువారు కలరు. ఖాళీగానున్న ఆరు నెలలను అట్టి కాగితముతో పూడ్చుమని స్నేహితులు చెప్పుదురు. తలిదండ్రులు సైతము, అందరు చేయుచున్నదే గదా అందురు. లేని 5,040 కోట్లకు బ్యాంకు కాగితములు పుట్టించినవారిని మనము తిట్టితిమి. లేని ఆరు నెలలకు కాగితము పుట్టించుట ఏ త్రాసులో వేరుగా తూగును? లేవీయకాండము 19:36లో న్యాయమైన త్రాసు, న్యాయమైన రాళ్లు ఉండవలెనని చెప్పిన దేవుడు పెద్ద రాయికి ఒక నియమమును చిన్న రాయికి ఒక నియమమును పెట్టలేదు. ఇట్లు చెప్పుట మాకు సులభము; బ్యాంకువాడు ఫోను చేయుచున్నది పిల్లవానికి. కనుక ఆ కాగితము వద్దని చెప్పు సంఘము, ఆ ఆరు నెలలలో రెండు వాయిదాల సొమ్మైన సర్దవలెను. మా పాస్టరేటు కమిటీ పంట కానుకలలోనుండి ఇందుకు కొంత భాగము ప్రత్యేకించినది. ఎక్కువ కాదు. మొదట అడిగినది, ఎప్పుడును ఏమియు అడుగని ఇల్లు.

చట్టము వ్రాయబడినదని తెలిసినప్పుడు దానియేలు ఇంటికి పోయి, యెరూషలేము తట్టు తెరచిన కిటికీలయొద్ద, పూర్వము చేయుచు వచ్చిన ప్రకారమే దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను (6:10). అపాయము వచ్చినదని క్రొత్త ప్రార్థన మొదలుపెట్టలేదు, భయపడి పాత ప్రార్థన మానలేదు. విలీనపు వార్త వచ్చిన వారములో నలువది దినముల ఉపవాసము మ్రొక్కుకొని, ఉద్యోగము నిలిచినదని ఉత్తరము వచ్చిన ఆదివారము గుడికి రాక సినిమాకు పోయినవారిని కూడ చూచియున్నాము. వారిమీద కోపము లేదు, నవ్వు మాత్రము వచ్చినది. రాత్రి షిఫ్టు చేయు పిల్లలకు ఉదయకాల ప్రార్థన కుదరదు. వారిలో ముగ్గురు, వేరు వేరు కంపెనీలవారు, తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంటికి చేర్చు కంపెనీ బండిలోనే ఫోనుమీద కలిసికొని ఒక కీర్తన చదువుకొనుచున్నారట. ఆ ముగ్గురిలో ఒకని కంపెనీ వచ్చే నెలలో చేతులు మారుచున్నది. అతని పేరును బుధవారపు ప్రార్థన పట్టికలో వ్రాసియున్నాము. కూటములు నడుపువారు సంఘకాపరియొద్ద ఆ పేరు తెలిసికొని జ్ఞాపకము చేసికొనగోరుచున్నాము.